నోటు వెనక్కి తిప్పి చూడు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

"దసరాకి ఇస్తానన్నాడు మామయ్యా, అప్పటికీ ఇవ్వకపోతే కోర్టుకి వెళ్తా" అని నీ దగ్గర అప్పు తీసుకున్నతని గురించి నిన్న నువ్వన్న మాటకి నాకు రాత్రంతా నిద్ర లేదు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రోనోటు ఫొటో చూశాను. తేదీ 2023 సెప్టెంబరు 8. అప్పు దావాకి గడువు మూడేళ్లు. అంటే 2026 సెప్టెంబరు 8తో సరి. ఈసారి దసరా అక్టోబరులో. వినాయక చవితి కూడా రాకముందే నీ ఆరు లక్షల నోటు చిత్తుకాగితం అయిపోతుంది తల్లీ.

పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో ముప్ఫై ఏళ్లు వకీలు గుమాస్తాగా చేశాను. ఎన్నో ఫైళ్లు మర్చిపోయాను గానీ ఒకావిడని మర్చిపోలేదు. కొంగులో ముడేసుకుని నోటు తెచ్చింది. మా వకీలుగారు తేదీ చూసి, వెంటనే నోటు వెనక్కి తిప్పారు. వెనకంతా తెల్లగా ఉంది. మధ్యలో రెండుసార్లు వడ్డీ ముట్టిందట. డబ్బు కట్టినట్టు నోటు వెనక రాసే చెల్లు మాత్రం రాయించుకోలేదు. "మా ఆడపడుచు కొడుకే, సంతకం పెట్టమని ఎట్లా అడుగుతాం?" అంది. గడువు దాటి పంతొమ్మిది రోజులైంది. ఆయన ఇంకేం మాట్లాడలేక నోటు మడిచి ఆవిడ చేతిలో పెట్టారు.

అందుకే చెప్తున్నా. గడువు లోపల బాకీలో కొంత కట్టి, కట్టినట్టు తన చేత్తో రాసి గానీ సంతకం పెట్టి గానీ ఇస్తే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. పోయినేడు ఇరవై వేలు ఫోన్‌పేలో వేశాడన్నావు. ఆ మెసేజ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఈ వారమే అతని దగ్గరికి వెళ్లు. "దసరా దాకా ఆగుతాను, కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టండి" అని అడుగు. పెడితే ఆగు. తర్వాత చూద్దాం అన్నాడంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

అప్పుడు వకీలుతో లీగల్ నోటీసు ఇప్పించు. నోటీసు అతనికి అందినట్టు వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ దాచుకో. నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. దావా కోర్టులో పడిన రోజే లెక్క.

అతను ఉండేది, నోటు రాసింది కూకట్‌పల్లిలో. కాబట్టి కూకట్‌పల్లి కోర్టులోనే వేయించు. మీ మలక్‌పేటకి దగ్గరని పురానీ హవేలీలో వేస్తే ఆ అభ్యంతరం మీదే నెలలు గడిచిపోతాయి. అసలు, వడ్డీ కలిపి ఎంత అడుగుతున్నావో దాని మీద కోర్టు ఫీజు కట్టాలి. ఖర్చుకి వెనకాడకు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉచితంగా వకీలుని ఇస్తుంది.

వకీలు ప్లెయింట్, అంటే దావా కాగితం, రాసి తెచ్చాక ప్రతి పేజీ చదివే సంతకం పెట్టు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా పెట్టకు. నువ్వు డబ్బు బ్యాంకు నుంచి రెండు విడతలుగా పంపావు. ప్లెయింట్‌లో ఒకేసారి ఇచ్చినట్టు పడిందనుకో, క్రాస్‌లో, అంటే నిన్ను ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, అవతలి వకీలు సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. నిజం చెప్పేవాళ్లు కూడా అక్కడ తడబడటం నా కళ్లతో చూశాను.

సమన్లు అందాక అతను 30 రోజుల్లో జవాబు వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. అసలే రాకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే అతను లేకుండానే కేసు తేలుస్తారు. గెలిచేశామని సంబరపడకు, దాన్ని కొట్టేయమని అతను మళ్లీ పిటిషన్ వేసుకోవచ్చు. వస్తే ఇష్యూస్ (తేల్చాల్సిన అంశాలు), నీ చీఫ్ (నీ వాంగ్మూలం), క్రాస్, సాక్షులు, వాదనలు. వాయిదాల మీద వాయిదాలు పడతాయి, టెన్షన్ పెట్టుకోకు. సంతకం తనదేనని ఒప్పుకుంటే డబ్బు ముట్టిందనే చట్టం అనుకుంటుంది. ముట్టలేదని చూపించుకునే బరువు అతనిది. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీకి వస్తే, అసలు పోకుండా ఉంటే ఒప్పుకో. కోర్టు ఫీజు తిరిగొస్తుంది, దాని మీద అప్పీలు కూడా ఉండదు.

డిక్రీ చేతికొచ్చినంత మాత్రాన డబ్బు రాదు. అతను కట్టకపోతే ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేసి ఆస్తి జప్తు చేయించాలి. అందుకు 12 ఏళ్ల గడువుంది. కానీ అప్పటికి అతని పేరు మీద ఏదైనా మిగలాలి కదా. మేడ్చల్ వైపు ప్లాటు ఉందన్నావు. దాని మీద అమ్మకాలు, తాకట్లు ఏమున్నాయో చూపించే ఈసీ ఇప్పుడే తీయించు. ఎగ్గొట్టడానికి అమ్మేస్తున్నాడని తెలిస్తే, ఆధారాలతో తీర్పుకి ముందే అటాచ్‌మెంట్ (జప్తు) అడగొచ్చు.

శనివారం పొద్దున్నే మా ఇంటికి రా. అసలు నోటు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే రసీదు తీసుకురా. నోటు మీద సాక్షి సంతకాలు చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో కనుక్కుని రా. నోటుకి రెండు వైపులా జిరాక్స్ తీయించు. లామినేషన్ మాత్రం చేయించకు, వెనక చెల్లు రాయించాల్సింది దాని మీదే.

మీ మామయ్య