నాన్నకు స్టెమ్‌సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించాలట... ముందుగా ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మా నాన్న వయసు 57. నడుంనొప్పి అని వెళ్తే మల్టిపుల్ మైలోమా (మూలుగలో వచ్చే ఒక రకం రక్తక్యాన్సర్) అని తేలింది. ఐదు నెలలుగా మందులు వాడుతున్నారు. జబ్బు బాగా అదుపులోకి వచ్చిందని, ఇప్పుడు సొంత కణాలతోనే స్టెమ్‌సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమని డాక్టర్ చెప్పారు. ఆపరేషన్ అనుకుని నాన్న భయపడుతున్నారు. తమ్ముడు మూలుగ ఇవ్వాల్సి వస్తుందేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది. మేం ఎలా సిద్ధం కావాలి?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి. నాన్నగారికి ఎవరూ మూలుగ ఇవ్వనక్కర్లేదు. ఎక్కించేది ఆయన కణాలే. ఇది ఆపరేషన్ కూడా కాదు, కోత ఉండదు. నాలుగైదు రోజులు జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తే మూలుగలోని మూలకణాలు (స్టెమ్‌సెల్స్) రక్తంలోకి వస్తాయి. ఆ రోజుల్లో నడుము, తుంటి ఎముకలు బాగా నొప్పిపెడతాయి. జబ్బు తిరగబెట్టిందని కంగారుపడకండి, అది ఇంజెక్షన్ ప్రభావమే. తర్వాత రక్తాన్ని ఒక మెషీన్ గుండా పంపి, మూలకణాలను వేరుచేసి దాస్తారు. ఒక్కోసారి మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది, రెండో రోజూ కూర్చోవాల్సి రావచ్చు. మైలోమాకు ఇచ్చే లెనాలిడోమైడ్ మాత్ర ఎక్కువ నెలలు వాడితే ఈ సేకరణ కష్టమవుతుంది. కాబట్టి డాక్టర్ ఇప్పుడే చేయిద్దామంటే వాయిదా వేయకండి. సేకరణకు ఎన్ని రోజుల ముందు ఆ మాత్ర ఆపాలో అడిగి రాసుకోండి.

అసలు చికిత్స మెల్ఫలాన్ అనే కీమో. మిగిలిన మైలోమా కణాలను చంపడానికి దాన్ని పెద్ద డోసులో ఇస్తారు. దాంతోపాటు మంచి మూలుగ కూడా దెబ్బతింటుంది. అందుకే దాచిన కణాలను రక్తం ఎక్కించినట్టే సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం) ద్వారా తిరిగి ఎక్కిస్తారు. అవి కుదురుకుని తెల్లకణాలు పెరగడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. జాగ్రత్త అంతా ఆ రోజుల కోసమే.

గుండె ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష, కిడ్నీ, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు ఆస్పత్రివాళ్లే చేయిస్తారు. చాలా కుటుంబాలు పట్టించుకోనిది పళ్ల సంగతి. పుచ్చిపన్ను, చిగుళ్ల వాపు మామూలప్పుడు చిన్న సమస్యలే. తెల్లకణాలు దాదాపు లేని సమయంలో అక్కడి నుంచే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. ఈ వారమే డెంటిస్టుకు చూపించండి. అయితే ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ తీసుకుంటూ ఉంటే మాత్రం, మీ క్యాన్సర్ డాక్టర్‌ను అడగకుండా పన్ను పీకించకండి. దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది. మెల్ఫలాన్ ఎక్కేటప్పుడు ఐసుముక్కలు చప్పరిస్తే నోటిపూత తగ్గుతుంది. నర్సులు ఇస్తే విసుక్కోకుండా చప్పరించమనండి.

సిగరెట్, గుట్కా ఉంటే ఇవాళే మానాలి. మైలోమాకు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగిందేమో చూపించండి. ఎవరో చెప్పారని వాడుతున్న ఆకుపసర్లు, పొడులు ఆపేసి, వాటి సంగతి డాక్టర్ దగ్గర దాచకుండా చెప్పండి.

ఆస్పత్రిలో రెండు, మూడు వారాలు ఉండాలి. తోడుగా ఎవరుంటారో ఇప్పుడే తేల్చుకోండి. రోజుకొకరు మారడం వద్దు. దగ్గు, జలుబు లేని ఒకరిద్దరు చాలు. చుట్టాలు పరామర్శకు వస్తామంటే ఫోన్‌లో మాట్లాడమనండి. అది మర్యాద తక్కువేమీ కాదు. ప్లేట్‌లెట్లు ఇవ్వగల దాతల పేర్లు కూడా రాసిపెట్టుకోండి. ఖర్చు విషయంలో ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను ముందే కలవండి. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చుకు ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీపత్రం) కావాలంటే చికిత్స మొదలవకముందే దరఖాస్తు చేయాలి.

ఇంటికొచ్చాక అప్పుడే వండిన వేడి అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు పెట్టండి. పచ్చి కూరలు, రోటిపచ్చడి, బయటి తిండి కొన్నాళ్లు వద్దు. పెరుగు, ఆవకాయ ఎప్పటి నుంచి పెట్టొచ్చో మీ ఆస్పత్రి డైటీషియన్ మాట వినండి.

ఇక నాన్నగారికి ఒక నిజం చెప్పాలి. ఇది మైలోమాను పూర్తిగా తుడిచేయదు. చాలామందిలో జబ్బును ఏళ్ల తరబడి అణచి ఉంచుతుంది, తర్వాత కూడా మాత్రలు వాడాల్సి ఉంటుంది. డిశ్చార్జి అయ్యాక థర్మామీటర్ దగ్గరే ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. అర్ధరాత్రి అయినా ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌కు ఫోన్ చేసి బయల్దేరండి.