జాకెట్ ముక్కలతో కుట్టిన బుట్ట ఒరిగిపోకుండా ఉండాలంటే

జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు ఒక గోనెసంచి నిండా పోగయ్యాయని, వాటితో బుట్ట కుట్టి లోపల బక్రం (బిగువు కోసం వేసే గట్టి గుడ్డ) కూడా పెట్టినా అది ఒక పక్కకు ఒరిగిపోతున్నదని, మూలలు సరిగా కలవలేదని, ఒక్కసారి ఉతికేసరికి పూర్తిగా కూలబడిందని మీరు రాశారు. ఇంకా మందమైన బక్రం వేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నేను తెనాలిలో ఇంటి దగ్గరే 22 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మిగిలిన ముక్కలతో నేను మొదట కుట్టిన మూడు నాలుగు బుట్టలూ ఇలాగే ఒరిగిపోయాయి. బుట్ట నిలబడుతుందా, పడిపోతుందా అన్నది లోపల ఏం పెట్టామనే దానికంటే, పైన వేసిన ముక్కలను ఏ దిక్కున కత్తిరించామనే దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

మగ్గం మీద నిలువుగా బిగించే పోగులు పడుగు, నాడెతో అడ్డంగా వేసేవి పేక అని మీకు తెలిసే ఉంటుంది. పడుగు దిక్కున లాగితే గుడ్డ దాదాపు సాగదు, పేక దిక్కున కొద్దిగా సాగుతుంది, మూల నుంచి మూలకు ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. క్రాస్ కటింగు జాకెట్టుకు ముందు భాగాలను ఏటవాలుగా పరిచి కత్తిరించేది ఈ సాగే గుణం కోసమే, ఎందుకంటే అలా కత్తిరిస్తేనే గుడ్డ ఒంటికి అమరుతుంది. అయితే ఆ కోత తరువాత మన చేతిలో మిగిలే ముక్కల అంచులు కూడా ఏటవాలుగానే ఉంటాయి. గుడ్డ వృథా కాకూడదని మనం ఆ అంచునే ఆధారంగా పెట్టుకుని చదరాలు కత్తిరిస్తాము, అవి చూడటానికి చక్కగా నాలుగు పలకలుగానే ఉంటాయి, కానీ వాటిలో పోగులు మూలకు మూలగా పరుగెత్తుతుంటాయి. అటువంటి చదరం మిషను ఫుట్టు కింద సాగుతుంది, పక్కనున్న ముక్క సాగదు, ఆ తేడా వరుసవరుసకూ పెరిగి గోడ వంకర తిరుగుతుంది. మీ మూలలు కలవకపోవడానికీ, బుట్ట ఒరిగిపోవడానికీ ఈ ఒక్క కారణమే ఉండి ఉంటుందని నా నమ్మకం.

కాబట్టి ముందుగా ముక్కలో పోగు దిక్కు పట్టుకోవాలి. నేను ఇప్పటికీ అనుమానం వచ్చిన ప్రతి ముక్కకూ చేసే పని ఇది: అంచు దగ్గర సూది మొనతో ఒక్క పోగును పైకి లేపి, రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా లాగుతాను, గుడ్డ సన్నగా కుచ్చులు పడుతూ వెనక్కి జరుగుతుంది, పోగు జారి బయటికి వస్తుంది, అది పోయిన చోట వెలుతురుకు పెట్టి చూస్తే వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది. ఆ గీత మీదుగా కత్తెర నడిపితే ఇక స్కేలుతో పని లేదు. జాకెట్లకు వాడే టూ బై టూ నూలు గుడ్డలో పోగు సన్నం కనుక మధ్యలో తెగుతుంది, తెగిన చోట మళ్లీ సూదితో అందుకోవాలి. పోచంపల్లి ఇక్కత్ ముక్కలతో ఇంత శ్రమ లేదు, నేయకముందే పోగులకు కట్లు కట్టి రంగు అద్దుతారు కనుక అందులో డిజైను పోగు వెంటే నడుస్తుంది. పెడన కలంకారీలో అచ్చును నేసిన గుడ్డ మీద చేత్తో వేస్తారు కనుక పువ్వుల వరుసను నమ్మి కత్తిరించకూడదు, అక్కడ తప్పనిసరిగా పోగు తీసి చూడాలి.

గుడ్డల ఎంపిక విషయానికి వస్తే, ఒకే మందం గలవి ఒక బుట్టకు చేర్చాలి. టూ బై టూ, పాప్లిన్, కలంకారీ, మంగళగిరి నూలు ఒకదానితో ఒకటి బాగా కలుస్తాయి. పట్టు, బ్రొకేడు ముక్కలు పెట్టాలని మనసు లాగుతుంది గానీ వాటి అంచుల్లో పోగులు త్వరగా ఊడిపోతాయి, కుట్టుకు వదిలిన పావు అంగుళం నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది. తప్పదనుకుంటే మెడ డిజైన్లకు వాడే పేస్టింగు కాన్వాసు పలుచనిది వెనక అంటించిన తరువాతే వాటిని కత్తిరించండి. జార్జెట్ నేను అసలు వాడను. రంగు పోతుందేమోనన్న అనుమానం ఉన్న ముక్కను తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు అంటితే నీళ్లు తేటగా వచ్చేవరకు విడిగా ఉతకాలి.

ఇప్పుడు కొలతలు చెబుతాను. అడుగు 6 అంగుళాల చదరం, ఎత్తు 7 అంగుళాలు ఉండే బుట్టను మొదట కుట్టమని నా సలహా, ఎందుకంటే దారపు ఉండలకు గానీ, పసిపిల్లల బట్టలకు గానీ అది చాలినంతగా ఉంటుంది. దీనికి 3 అంగుళాల చదరాలు 20 కావాలి. వరుసకు 5 చొప్పున రెండు వరుసలు పావు అంగుళం కుట్టుతో కలిపితే 13 అంగుళాల వెడల్పు, అయిదున్నర అంగుళాల ఎత్తు గల పట్టీ వస్తుంది. దాని కింద 13 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు ఉన్న పాత జీన్సు గుడ్డను అదే పావు అంగుళంతో జోడిస్తే మొత్తం 13కు 11 అంగుళాల గోడ తయారవుతుంది. ఇటువంటివి రెండు కావాలి. జీన్సు ఎందుకంటే, అడుగు భాగం, నాలుగు మూలలు దాని మీదే పడతాయి. అతుకులన్నీ పైకి ఉండిపోతాయి కనుక మూల దగ్గర మందం పేరుకోదు.

వరుసలు కుట్టేటప్పుడు మొదటి వరుస అతుకులను కుడివైపుకు, రెండో వరుస అతుకులను ఎడమవైపుకు మడిచి ఇస్త్రీ చేయండి. రెండు వరుసలను ముఖాముఖి పెట్టినప్పుడు ఆ ఉబ్బులు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చుంటాయి, వేలితో తడిమితేనే సరిగా కలిసిందీ లేనిదీ తెలుస్తుంది. ఇస్త్రీపెట్టెను గుడ్డ మీద ఈడ్చకుండా ఎత్తి పెట్టాలి. ఈడ్చితే అంత కష్టపడి పోగు చూసి కత్తిరించిన ముక్క కూడా సాగుతుంది.

ఇక గట్టిదనం గురించి. మామూలు బక్రం గంజితోనో జిగురుతోనో బిగుసుకున్న గుడ్డ, నీళ్లు తగిలితే మెత్తబడుతుంది; మీ బుట్ట ఉతికాక కూలబడటానికి కారణం అదే. బక్రానికి బదులు ఒకసారి నేను బియ్యం సంచి ముక్కను లోపల పెట్టి కుట్టాను. బుట్ట బాగా నిలబడింది. కానీ చివరగా ఇస్త్రీ చేయగానే ఆ సంచి ముడుచుకుపోయి, రెండు రోజులు కూర్చుని కుట్టిన గోడ మొత్తం ముడతలు పడింది. అది పాలీప్రొపిలీన్ పోగులతో నేసిన సంచి, సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నూలు గుడ్డకు పెట్టే ఇస్త్రీ వేడి అంతకంటే ఎక్కువ. అప్పుడు నాకు మా అమ్మ కుట్టిన బొంత గుర్తుకు వచ్చింది. అందులో ఉన్నవన్నీ అరిగి మెత్తబడిన నూలు చీరలే, ఏ పొరను విడిగా పట్టుకున్నా చేతిలోంచి జారిపోతుంది. కానీ నాలుగైదు పొరలు పేర్చి దగ్గర దగ్గరగా రన్నింగ్ కుట్టు వేసేసరికి మడిచి నిలబెడితే నిలబడేది. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ స్త్రీలు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు కుట్టుకొచ్చే కవంది బొంతల్లోనూ అతుకులను పట్టి ఉంచేది ఆ దగ్గరి కుట్టే. అప్పటి నుంచి నేను గోడ వెనక పాత నూలు దుప్పటిని రెండు మడతలు పెట్టి, అంగుళం దూరంలో నిలువు కుట్లు వేస్తున్నాను. కుట్లు పడ్డాక గోడ కొద్దిగా కుదించుకుంటుంది కనుక, చదరాలను 3 అంగుళాల కంటే ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) పెద్దవిగానే, జీన్సును కూడా ఆ మేరకు పెద్దదిగా కత్తిరించి, చివరికి 13కు 11 ఉండేటట్టు సరిచేసుకోవాలి. సూది 16 నంబరు, జీన్సు మీదకు వచ్చినప్పుడు 18 నంబరు వాడండి. మందం దగ్గర కాలితో తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పితే సూది విరగదు.

తరువాత రెండు గోడల కింది మూలల్లో 3 అంగుళాల చదరం కత్తిరించి తీసేయాలి. గోడలను ముఖాముఖి పెట్టి రెండు పక్కలు, అడుగు అర అంగుళం వదిలి కుట్టాక, కత్తిరించిన మూలను విప్పి పట్టుకుంటే పక్క కుట్టు, అడుగు కుట్టు ఎదురెదురుగా వస్తాయి. ఆ రెండు కుట్లను ముందు గుండుసూదితో కలిపి, మధ్య నుంచి అంచులకు కుట్టండి. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరకు పోతే మిగిలిన గుడ్డ అంతా చివర పోగుపడుతుంది. ఈ మూల మీద రెండుసార్లు కుట్టు వేయాలి, బరువంతా ఇక్కడే పడుతుంది.

లోపలి లైనింగును కూడా ఇదే కొలతలతో కుట్టి, అడుగులో 4 అంగుళాలు కుట్టకుండా వదలండి. రెండు బుట్టలనూ ముఖాముఖి దూర్చి పై అంచు చుట్టూ కుట్టాక, ఆ సందులోంచి మొత్తం తిరగేసి సందును చేతికుట్టుతో మూయండి. పై అంచుకు పావు అంగుళం కింద ఒక కుట్టు, దాని కింద మరొకటి చుట్టూ వేస్తే అంచు వంగకుండా ఉంటుంది. చెవులు కావాలంటే పై అంచు కుట్టకముందే పట్టీలు రెండు బుట్టల అంచుల మధ్యలో పెట్టుకోవచ్చు.

ఉతికాక పిండవద్దు. తడిగా ఉండగానే దాదాపు అదే పరిమాణం గల డబ్బా మీద బోర్లించి నీడలో ఆరబెడితే మూలలు మళ్లీ తమ చోటికి వస్తాయి.

మీ సంచిలో ఏటవాలు ముక్కలు ఎక్కువగానే తేలతాయి, వాటిని పారేయకండి. అంగుళంపావు వెడల్పు పట్టీలుగా కత్తిరించి కలిపి పెట్టుకుంటే జాకెట్ మెడలకు, చేతులకు పైపింగు అవుతుంది. చదరానికి పనికిరాకుండా చేసిన ఆ సాగే గుణమే మెడ వంపులో పట్టీ ముడత లేకుండా తిరగడానికి కావాలి.