పాఠకుల ప్రశ్నలు: తోటలో ఇటలీ ద్రాక్షల సాయంత్రం

ప్రశ్న: జూబ్లీహిల్స్‌లో మా బాబాయిగారింటి తోటలో డిసెంబర్‌లో ఒక సాయంత్రం ఇటలీ సొంత ద్రాక్షల వైన్లు మాత్రమే పెట్టి చిన్న పండగలా చేద్దామనుకుంటున్నాం. ముప్పై మంది వస్తారు. ఏవి తేవాలి, ఎన్ని సీసాలు?

జవాబు: ఆరు రకాలు చాలండి. అంతకు మించితే నాలుక మొద్దుబారిపోతుంది. మనిషికి 50 మిల్లీలీటర్లు పోస్తే 750 మిల్లీలీటర్ల సీసా పదిహేను మందికి వస్తుంది. లెక్క ప్రకారం రకానికి రెండు చాలు గానీ, మూడు తీసుకోండి. బిరడా చెడిన సీసా ఒకటి తగిలిందంటే (తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది) సగం మందికి ఆ రకం అందదు. అంటే మొత్తం 18 సీసాలు.

వరస ఇలా పెట్టండి: ముందు నురగలొచ్చే తెల్ల వైన్ ప్రొసెక్కో, తర్వాత సార్డీనియా దీవి తెల్ల వైన్ వెర్మెంటీనో, ఆపైన రెడ్ వైన్లు: పీడ్‌మాంట్ బార్బేరా, టస్కనీ సాంజొవేజే, దక్షిణాది అల్యానికో, చివర తియ్యటి మొస్కాతో దాస్తి. అల్యానికోలో వగరు చాలా ఎక్కువ. దాన్ని ముందే పోస్తే తర్వాత వచ్చే వెర్మెంటీనో నీళ్లలా అనిపిస్తుంది, పాపం దాని తప్పేమీ లేకుండానే.

కొనేటప్పుడు ఊరి పేరు చూసి మోసపోకండి. ప్రొసెక్కోలో గ్లేరా ద్రాక్ష కనీసం 85 శాతం, టస్కనీ రెడ్ వైన్ కియాంతి క్లాసికోలో సాంజొవేజే కనీసం 80 శాతం ఉండాలన్నది అక్కడి నియమం. ఐ.జి.టి. (ద్రాక్షల నియమాలు సడలించిన ఇటలీ వర్గం) అని రాసున్న టస్కనీ సీసాల్లో మాత్రం కాబెర్నే, మెర్లో లాంటి ఫ్రెంచి ద్రాక్షలు సగానికి సగం ఉండొచ్చు. మీ పండగ సొంత ద్రాక్షలది కాబట్టి వెనక లేబుల్ చదివే కొనండి. సాంజొవేజే దిగుమతిది దొరక్కపోతే మహారాష్ట్రలోని అక్లూజ్ దగ్గర పండించిన దానితో చేసిన వైన్ ఉంది. దాన్ని ఇటలీ సీసా పక్కనే పోస్తే ఒకే ద్రాక్ష రెండు నేలల్లో ఎలా మారుతుందో అతిథులకు తెలుస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో విందుకు తెచ్చిన ఖరీదైన రెడ్ వైన్ మందులా ఘాటుగా, గొంతు మండేలా ఉంది. నకిలీదా?

జవాబు: నకిలీ అయ్యుండదు, వేడెక్కి ఉంటుంది. రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలన్న మాట యూరప్ చల్లటి ఇళ్లలో పుట్టింది, అక్కడ గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన గదులు ఏడాదిలో చాలా నెలలు 28 పైనే. ఆ వేడికి ఆల్కహాల్ ఆవిరై ముందు ముక్కుకు తగులుతుంది, పులుపు చప్పబడుతుంది, పండు వాసన అడుగున పడిపోతుంది.

టబ్బులో ఐసు సగం, నీళ్లు సగం పోసి సీసాను మెడదాకా ముంచండి. ఉత్త ఐసు ముక్కల మధ్య గుచ్చితే గాలి సందులుండి చల్లబడటం ఆలస్యమవుతుంది. రెడ్‌కు పది పదిహేను నిమిషాలు, తెల్లదానికి అరగంట. ప్రొసెక్కో 6–8 డిగ్రీలు, వెర్మెంటీనో 10, బార్బేరా 14–15, సాంజొవేజే, అల్యానికో 16–18 ఉంటే బాగుంటాయి. అలాగని అల్యానికోను మరీ చల్లబరచకండి. 12 డిగ్రీలకు దిగితే వగరు నాలుకను పట్టేస్తుంది. ముప్పై మంది పార్టీకి పాతిక కిలోల ఐసు, వంటింటి థర్మామీటర్ ఒకటి దగ్గరుంచుకోండి. గ్లాసులో పోసినది బయటి గాలికి త్వరగా వేడెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగా పోయడమే మేలు.

ప్రశ్న: తోటలో రాత్రి రాణి, సంపెంగ ఉన్నాయి. దోమల బత్తీలు కూడా వెలిగించాలి. ఇబ్బందా?

జవాబు: చాలా ఇబ్బంది. వైన్ రుచిలో ఎక్కువ భాగం ముక్కుదే. రాత్రి రాణి పొద్దుగూకాకే విచ్చుకుంటుంది, సరిగ్గా మీరు మంచి రెడ్ తెరిచే వేళకు. బల్లలు దానికి గాలివాలున కాకుండా, గాలి వచ్చే వైపు వేయండి. దోమల బత్తి, అగరుబత్తి, సిట్రొనెల్లా కొవ్వొత్తి మూడూ వద్దు. పెడస్టల్ ఫ్యాన్లు రెండు నేలకు దగ్గరగా పెడితే దోమలు నిలవలేవు. గ్లాసుల్లో పడే చిన్న ఈగల కోసం పక్కన వెనిగర్, చక్కెర కలిపిన గిన్నె పెట్టండి. పసుపు రంగు లైట్ల కింద ఏ రెడ్డయినా గోధుమ రంగులోనే కనిపిస్తుంది. బల్లకు తెల్లగుడ్డ పరచి, ఒక తెల్ల బల్బు ఉంచండి. గ్లాసులు సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లతో కడగాలి.

ప్రశ్న: బరోలో కొన్నాం. రంగు పల్చగా, ఇటుక రంగులో ఉంది. నీళ్లు కలిపారా?

జవాబు: లేదండి, బరోలో చేసే నెబ్బియోలో ద్రాక్ష రంగే అంత. బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు కర్రపీపాల్లో ఉంచాకే అమ్ముతారు, ఆలోగా ఉన్న రంగూ ఇటుక వైపు తిరుగుతుంది. రంగుకు వగరుకు పొంతన ఉండదు, నోట్లో పోసుకుంటే తెలుస్తుంది.

ప్రశ్న: మన కారం వంటలతో ఏది కుదురుతుంది?

జవాబు: కారం ఆల్కహాల్ మంటను పెంచుతుంది, వగరును గట్టిపరుస్తుంది. అందుకని మిర్చీ కా సాలన్ ముందు అల్యానికో ఓడిపోతుంది. అదే అల్యానికో పత్థర్ కా గోష్త్‌తో అద్భుతంగా ఉంటుంది: మాంసం కొవ్వూ ఉప్పూ వగరును మెత్తబరుస్తాయి. గోంగూర మటన్‌కు బార్బేరానే నా ఎంపిక. గోంగూర పులుపు పక్కన మామూలు వైన్లు చప్పబడితే, బార్బేరా తన పులుపుతో నిలుస్తుంది. వేపుడు చేపకు వెర్మెంటీనో. కారం బాగా ఉన్న వాటికి 5 శాతమే ఆల్కహాల్ ఉండే మొస్కాతో దాస్తి.

ప్రశ్న: అనుమతులేమైనా కావాలా?

జవాబు: ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ తీసుకోండి. వేరే రాష్ట్రంలో కొన్న సీసాలు తేవద్దు, తెలంగాణ సుంకం కట్టినవే ఉండాలి. ఇక్కడ 21 ఏళ్లు నిండనివారికి పోయకూడదు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ ఆపేయాలి. రుచి చూసిన వైన్ ఉమ్మేందుకు బల్లకొక గిన్నె పెట్టండి. ఆరు గ్లాసులూ మింగితే 30 గ్రాముల దాకా ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్తుంది. వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే. క్యాబులు ముందే మాట్లాడి ఉంచండి.

ప్రశ్న: మన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను కూడా ఆ బల్ల మీద పెట్టొచ్చా?

జవాబు: తప్పకుండా, హైదరాబాద్ తోటల్లో పేరు తెచ్చుకున్న ద్రాక్ష అది. అయితే తినే ద్రాక్ష: పండు పెద్దది, రసం ఎక్కువ, వైన్ ద్రాక్షల్లో ఉండేంత చక్కెర ఉండదు. వైన్ల మధ్యలో పెట్టకండి, దాని తీపి తర్వాత బార్బేరా మరీ పుల్లగా అనిపిస్తుంది. కడిగి, చల్లబరచి, మొస్కాతో దాస్తి పోసేటప్పుడు గుత్తులు గుత్తులుగా అందించండి.