మూత ఎత్తితే మోటారు ఆగుతుంది, డ్రమ్ము ఆగదు

ప్రశ్న: మాది ఉద్దానంలో చిన్న కొబ్బరి పీచు యూనిట్. డొక్కలు చీల్చే డ్రమ్ము మూతకి లిమిట్ స్విచ్ పెట్టించాం. మూత ఎత్తితే మోటారు ఆగిపోతుంది. పీచు చుట్టుకున్నప్పుడల్లా ఇదో తంటా అని కుర్రాళ్లు స్విచ్ లివర్‌ని బైండింగ్ వైరుతో కట్టేశారు. తిట్టి విప్పిస్తే మర్నాటికి మళ్లీ కట్టేస్తున్నారు. ఇంతకన్నా మంచి స్విచ్ ఉందా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: ఉందండీ. కానీ వైరు లేకపోయినా మీ మూత చేతుల్ని కాపాడదు. మోటారుకి కరెంటు ఆగినా డ్రమ్ము తన బరువుతో తాను తిరుగుతూనే ఉంటుంది. విజయనగరంలో జూట్ మిల్లు మెయింటెనెన్స్‌లో ఉన్నప్పుడు కార్డింగ్ సిలిండర్లతో, అంటే నారని దువ్వే డ్రమ్ములతో, మాకూ ఇదే గొడవ. వేగం సగానికి పడితే డ్రమ్ములో శక్తి నాలుగో వంతు మిగులుతుంది. డ్రమ్ము మీది ముళ్లు కంటికి కనబడేంత నెమ్మదించాయి కదా అని చెయ్యి పెడతారు. పీచుతో పాటు వేళ్లనీ లాగడానికి ఆ నాలుగో వంతు చాలు.

కాబట్టి మీకు కావాల్సింది డ్రమ్ము ఆగేదాకా మూతని పట్టి ఉంచే తాళం. సొలినాయిడ్ లాక్ అని అడగండి. అందులోనూ స్ప్రింగుతో పడి, కరెంటిస్తేనే తెరుచుకునే రకం తీసుకోండి. రెండో రకం ఉంది, కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది. డ్రమ్ము జోరు మీదున్నప్పుడు లైను పోయిందా, మూత వదిలేస్తుంది. మన దగ్గర కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా!

తెరవడానికి టైమర్ పెట్టొచ్చు. ఖాళీ డ్రమ్ముని పూర్తి వేగంలో ఆపి, నిలిచేదాకా వాచీలో చూసి, దానికన్నా ఎక్కువే పెట్టండి. డొక్కల మీద కొలవకండి, అవి బ్రేకులా పట్టి తొందరగా ఆపేస్తాయి. డ్రమ్ము నిలిచిందో లేదో చూసి చెప్పే జీరో స్పీడ్ రిలే అయితే ఇంకా నమ్మకం.

అంత ఖర్చు వద్దనుకుంటే పాత పద్ధతి ఒకటుంది. మూతని పొడవాటి మరబోల్టుతో బిగిస్తారు. విప్పేటప్పుడు మొదటి చుట్టుకే స్విచ్ మోటారుని ఆపేయాలి, మిగతా మరలు విప్పేలోపు డ్రమ్ము నిలిచిపోవాలి. మర పొడవు మీ వాచీ లెక్కని బట్టే.

ఉన్న లిమిట్ స్విచ్‌ని పారేయకండి, తిప్పి బిగించండి. ఇప్పుడు మూత వేస్తే లివర్ నొక్కుకుంటోంది, అందుకే వైరుకి లొంగింది. మూత ఎత్తినప్పుడు లివర్ నొక్కుకుని కాంటాక్టుని బలవంతంగా విడదీసేలా పెట్టిస్తే కట్టి మోసం చేయడం కష్టం. మూత దించగానే మిషన్ తనంతట తాను తిరగకూడదు, మళ్లీ స్టార్టర్ నొక్కాల్సిందే.

ఇక కుర్రాళ్లు. తిట్టడం మానేసి పీచు అన్నిసార్లు ఎందుకు చుట్టుకుంటోందో చూడండి. ముళ్లు వంగాయా, అరిగాయా, డొక్కలు గుప్పించి వేస్తున్నారా? కూలి పీచు తూకాన్ని బట్టి ఇస్తున్నారేమో మీరు రాయలేదు. ఇస్తుంటే మూత దగ్గర ఆగిన ప్రతి నిమిషం వాళ్ల జేబులోంచే పోతోంది, వైరు కట్టక ఏం చేస్తారు? ఆ టైముకీ కూలి కట్టివ్వండి.

ముళ్లు మార్చేటప్పుడు మాత్రం ఈ తాళాల్ని నమ్ముకోవద్దు. మెయిన్ దింపి, ఫ్యూజులు పీకి, లోపల చెయ్యి పెట్టేవాడి జేబులోనే ఉంచాలి.