రంగు ఆరాక వంగిపోయిన అట్ట గోడలు

మీరు అట్టతో చేసిన నమూనా రైల్వే స్టేషన్ గోడలు రంగు ఆరాక విల్లులా వంగాయని అడిగారు కదా, దానికి కారణం దాదాపుగా ఇదే: నీళ్లలో కలిపే రంగు బయటి వైపే వేశారు. తడికి ఆ వైపు పీచు ఉబ్బి, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. వెనక వైపు కదలదు. మీ అట్ట మంచిదే, మార్చకండి.

లోపల ఎవరు చూస్తారులే అని చాలామంది వెనక వైపు వదిలేస్తారు. అక్కడే వస్తుంది చిక్కు. ముందు ఎన్ని పూతలు వేస్తే వెనక అన్నే వేయాలి, అదీ వెంటవెంటనే. వెనక నలుపు వేస్తే ఇంకా మేలు, లోపల బల్బు పెట్టినప్పుడు వెలుతురు గోడలోంచి బయటికి కనబడదు.

వంగిన గోడలు పారేయకండి:

1. వెనక వైపు అదే రంగు పలచగా వేయండి.
2. చేతికి అంటనంత ఆరాక రెండు కాగితాల మధ్య పెట్టి, పైన గాజు పలక, బరువు ఉంచి రాత్రంతా వదిలేయండి.
3. లోపలి వైపు పైఅంచు, కింది అంచు వెంట సన్నటి చెక్క పుల్లలు అతికించండి. జిగురు తక్కువగా వాడండి, అందులోనూ నీళ్లే.

మీ 23 సెం.మీ. గోడ నమూనా రైళ్లకు వాడే హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలులో 87వ వంతు (1:87) కొలతలో, 20 మీటర్ల గోడ. అంత పొడవుకు అంచుల పుల్లలు చాలవు. కిటికీల మధ్య నిలువు పుల్లలు కూడా పెట్టండి.

తర్వాతి భవనానికి రంగుకు ముందే రెండు వైపులా, కోసిన అంచులకూ వార్నిష్ పూయండి. అంచులే ఎక్కువ తడి పీలుస్తాయి.