శూన్యం అని రాసేముందు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పేజీకోసారి 'శూన్యం' తగిలింది. ఇంగ్లీషు 'వాయిడ్' నీ తలలో తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. ఆ మాట అక్కడ చాలా డ్యూటీలు చేస్తుంది. అన్నిచోట్లా శూన్యాన్నే కూర్చోబెడితే కుదరదయ్యా.

ఆసుపత్రి సీను చూడు. తండ్రి స్కానింగ్ రిపోర్టులో 'పోస్ట్ వాయిడ్' అని చూసి కొడుకు, జీవితం గురించి ఆలోచనలో పడతాడు. అక్కడ వాయిడ్ అంటే ఒంటికి వెళ్లిరావడం. నీళ్లు తాగించి, బ్లాడర్ నిండాక ఒకసారి చూస్తారు. వెళ్లొచ్చాక మళ్లీ పడుకోబెట్టి, లోపల ఎన్ని మిల్లీలీటర్లు మిగిలిందో కొలుస్తారు. ప్రోస్టేట్ పెరిగిన పెద్దాయనైతే టెన్షన్ పడాల్సింది ఆ అంకె చూసి. కొడుకు నిజంగానే పొరబడ్డాడంటే ఉంచు, నవ్వొస్తుంది. నువ్వు మాత్రం సీరియస్‌గానే రాశావు.

నా అసలు గొడవ కోర్టు సీనుతో. లాయరు "ఈ పెళ్లి శూన్యం" అంటాడు. కాగితాల మీద ఏ మాటున్నా, ఎదురుగా కూర్చున్న ఆడపిల్లతో "ఈ పెళ్లి చెల్లదమ్మా" అనే అంటారు. పైగా 1955 హిందూ వివాహ చట్టంలో ఇవి రెండు రకాలు. మొదటి భార్య ఉండగా, విడాకుల్లేకుండా చేసుకున్నది 11వ సెక్షన్ కింద మొదటినుంచీ చెల్లదు. 12వ సెక్షన్‌ది 'వాయిడబుల్'. బలవంతంగానో మోసంతోనో ఒప్పించి చేసిన పెళ్లి, కోర్టు రద్దు చేసేదాకా చెల్లుతూనే ఉంటుంది. మోసం బయటపడ్డ ఏడాదిలోపు పిటిషన్ వెయ్యాలి. తెలిసాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

నీ కథానాయికది ఈ రెండోది. మరి ఆ ఏడాదంతా ఏం చేసింది? పుట్టింటివాళ్లు "సర్దుకుపో" అంటుంటే గడువు ఎలా కరిగిపోయింది? కథంతా అక్కడుంటే నువ్వు ఒక్క డైలాగుతో దాటేశావు.

అమ్మమ్మ పోయాక 'ఇంటిని శూన్యం ఆవరించింది' కొట్టెయ్యి. ఇల్లు బోసిపోతుంది, మనిషి లేని లోటు ఉంటుంది, మనసులో వెలితి ఉంటుంది. మూడూ ఒకటి కాదు, నీకు కావాల్సింది ఏదో చూసుకో. 1981లో ఖగోళ శాస్త్రజ్ఞులు బూటీస్ నక్షత్రమండలం దిక్కున బ్రహ్మాండమైన వాయిడ్, అంటే గెలాక్సీలు కనిపించని ఖాళీ, ఉందని ప్రకటించారు. తర్వాత వెతికితే దాన్లోనూ కొన్ని గెలాక్సీలు దొరికాయి. అమ్మమ్మ గదిలో ఇంకేమీ మిగల్లేదంటే నేనెలా నమ్మను?

కోర్టు భాగం ముందు తిరగరాసి పంపు. మిగతావాటికి తొందరేం లేదు.

మీ అన్నయ్య