గూడ్సు కాపాడిన స్టేషన్

ప్రశ్న: మా అమ్మాయి మాంచెస్టర్‌లో చదువుకుంటోంది. చూడ్డానికి వెళ్లినప్పుడు లివర్‌పూల్ రోడ్డు అనే వీధిలో ఒక పాత భవనం చూపించి, ‘ప్రపంచంలోకెల్లా పాత రైల్వే స్టేషన్ ఇదేనమ్మా’ అంది. నాకైతే ఎవరో షావుకారు కట్టుకున్న రెండంతస్తుల ఇల్లులా కనిపించింది. నిజంగా అదే మొదటిదా? అంత పేరున్న స్టేషన్‌ని ఎందుకు మూసేశారు? ఇప్పుడు అక్కడికి రైళ్లేమైనా వస్తాయా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మాయి మాటకు కొంచెం చేర్చాలి. ఇప్పటికీ నిలిచి ఉన్న రైల్వే టెర్మినస్‌లలో అది అన్నిటికంటే పాతది. 1825లోనే స్టాక్టన్–డార్లింగ్టన్ లైను మొదలైంది కానీ అక్కడ చాలా ఏళ్లు ప్రయాణికుల బండ్లను ఎక్కువగా గుర్రాలే లాగాయి. రెండు పెద్ద నగరాల మధ్య టైమ్‌టేబుల్ పెట్టుకుని, ఆవిరి ఇంజన్లతో జనాన్ని తీసుకెళ్లడం 1830 సెప్టెంబరు 15న ప్రారంభమైన లివర్‌పూల్–మాంచెస్టర్ లైనుతోనే మొదలు. మీరు చూసింది ఆ లైనుకి మాంచెస్టర్ వైపు చివర. లివర్‌పూల్ వైపు చివర క్రౌన్ స్ట్రీట్ అని ఇంకొకటి ఉండేది. ఇంజన్లు అక్కడిదాకా వెళ్లేవి కావు. ఎడ్జ్ హిల్ దగ్గర పెట్టెలకు తాడు కట్టి, సొరంగంలోంచి పైకి లాగేవారు. 1836లో లైమ్ స్ట్రీట్ స్టేషన్ రావడంతో ప్రయాణికులు అటు మళ్లారు. తర్వాత ఆ భవనం నేలమట్టమైంది.

అది ఇల్లులా కనిపించడంలో మీ తప్పేమీ లేదు. స్టేషన్ అంటే ఎలా ఉండాలో అప్పటికి కట్టేవాళ్లకే తెలియదు కదా! ఫస్ట్ క్లాసు వాళ్లకు ఒక ద్వారం, ఒక బుకింగ్ హాలు. సెకండ్ క్లాసు వాళ్లకు పక్కనే ఇంకో ద్వారం, ఇంకో హాలు. ఎవరైనా సరే మెట్లెక్కి పైకి వెళ్లాల్సిందే. ఇర్వెల్ నదిని వంతెన మీద దాటి వచ్చిన పట్టాలు మేడ ఎత్తులోనే ఆగిపోతాయి మరి. గోడ మీద ఒక నీడ గడియారం కూడా ఉంది. అప్పట్లో ఏ ఊరి టైము ఆ ఊరిదే, దేశమంతటికీ ఒకే టైము అనేది తర్వాత రైళ్ల వల్లే వచ్చింది. మాంచెస్టర్ వానల్లో ఆ గడియారం ఎన్ని రోజులు పనిచేసిందో మీ అమ్మాయినే అడగండి.

ప్రారంభోత్సవం మాత్రం అచ్చిరాలేదు. ప్రధానమంత్రి వెల్లింగ్టన్ డ్యూక్ ప్రత్యేక రైల్లో వస్తున్నాడు. దారిలో పార్క్‌సైడ్ దగ్గర నీళ్లకోసం ఆగితే, లివర్‌పూల్ ఎంపీ విలియం హస్కిసన్ బండి దిగి ఆయన్ని పలకరించబోయాడు. పక్క పట్టాల మీద వస్తున్న ‘రాకెట్’ ఇంజన్ హస్కిసన్ కాలు మీదుగా వెళ్లిపోయింది. ఆ లైను వేసిన ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ స్వయంగా ఇంకో ఇంజన్ నడిపి ఆయన్ని ఎకిల్స్ అనే ఊరు చేర్చాడు కానీ ఆ రాత్రికే ప్రాణం పోయింది. వేడుక ఆపేద్దామనుకుని కూడా, మాంచెస్టర్‌లో జనం ఎదురుచూస్తున్నారు, రాకపోతే గొడవవుతుందని ముందుకే సాగారు. తీరా వస్తే జనం స్వాగతానికి వచ్చినవాళ్లు కాదు. 1819లో ఆ ఊళ్లోనే సెయింట్ పీటర్స్ మైదానంలో ఓటు హక్కు కోసం సభ పెట్టుకున్నవాళ్ల మీదికి గుర్రపు దళాన్ని తోలారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చేతికందినవి రైలు మీదికి విసిరారు. డ్యూక్ బండి దిగనే లేదు.

ఇక ఎందుకు మూసేశారంటే, కట్టిన చోటు అలాంటిది. స్టేషన్ ఊరి చివర ఉంది. పట్టాలు అక్కడితో సరి. లీడ్స్ నుంచి వచ్చే లైను ఊరికి అవతల ఓల్డమ్ రోడ్డులో ఆగేది. ఒక రైలు దిగి ఇంకోటి ఎక్కాలంటే సామాన్లతో ఊరంతా దాటాలి. రెండు లైన్లనూ కలుపుతూ హంట్స్ బ్యాంక్ అనే చోట విక్టోరియా స్టేషన్ కట్టాక, 1844 మేలో ప్రయాణికుల రైళ్లు అక్కడికి వెళ్లిపోయాయి. అంటే మీరు చూసిన స్టేషన్‌లో జనం రైలెక్కింది పద్నాలుగేళ్లు కూడా కాదు.

నేను సర్వీసంతా గూడ్స్ షెడ్డులో గడిపినవాణ్ణి. అందుకని ఇక్కడ కొంచెం పక్షపాతం చూపిస్తే ఏమనుకోకండి. ఆ స్టేషన్ బతికింది గూడ్సు వల్లే! అసలు ఆ లైను పడింది కూడా సరుకు కోసమే. అమెరికాలో బానిసలు పండించిన దూది లివర్‌పూల్ రేవులో దిగి మాంచెస్టర్ మిల్లులకు రావాలి. కాలువల వాళ్లు రేట్లు పెంచేసి వ్యాపారులను పిండుతున్నారు. స్టేషన్‌కి ఎదురుగా పట్టాలకు అవతల వైపు 1830లోనే కట్టిన గోదాము ఉంది, అది చూశారా? వ్యాగన్లను టర్న్‌టేబుల్ (పట్టాలు బిగించిన గుండ్రటి తిరుగుడు బల్ల) మీద తిప్పి నేరుగా లోపలికి తోసేవారు. సరుకు వేరే అంతస్తులకు చేర్చి, కింద వీధి వైపు గుర్రపు బండ్లకు ఎక్కించేవారు. మొదటిసారి కట్టిన రైల్వే గోదాములో పని నడిచే తీరు అంత తేటగా ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ప్రయాణికులు వెళ్లిపోయాక మొత్తం యార్డు గూడ్సుదే అయింది. స్టేషన్ భవనం కూడా ఆ పనుల్లోనే ఏదోలా ఉపయోగపడుతూ వచ్చింది. అదే ప్రయాణికుల స్టేషన్‌గా కొనసాగి ఉంటే, రద్దీ పెరిగిన కొద్దీ కూల్చి పెద్దది కట్టేసేవారు. రైల్వేలో ఏ దేశమైనా అదే కథ.

1975లో గూడ్సు కూడా ఆగిపోయింది. 1978లో బ్రిటిష్ రైల్ ఆ స్థలాన్ని గ్రేటర్ మాంచెస్టర్ కౌన్సిల్‌కి ఒక్క పౌండుకి అమ్మింది. 1983లో అక్కడ మ్యూజియం వచ్చింది.

రైళ్ల సంగతి అడిగారు కదా. మామూలు రైళ్లు రావు. మ్యూజియం వాళ్లు ఆవరణలో ఆవిరి ఇంజన్లు నడిపేవారు, మెయిన్ లైనుతో కలిసే పట్టా కూడా చాలా కాలం ఉండేది. పిక్కడిల్లీ, విక్టోరియా స్టేషన్లను కలపడానికి ఆర్డ్‌సాల్ కార్డ్ అనే కొత్త లైను వేసినప్పుడు ఆ పట్టాను తెంపేశారు. కొత్త లైను 2017లో మొదలైంది. దాని కమాను వంతెన ఆ పక్కనే ఇర్వెల్ మీద కనిపిస్తుంది.